మట్టికోట లోపల రాతికోట

ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కితే నారపల్లి దాటాక అన్నోజిగూడ వస్తుంది. అక్కడికి వచ్చేసరికి నా మనసు ముందే ఓరుగల్లు కోటకు చేరిపోతుంది. ఒక్క గోడ చాలదని మనవాళ్లు తెలుసుకున్న తీరు ఆ కోటలో కళ్లకు కడుతుంది.

గోడ ఒక్కటే అయితే అది పగిలిన పూటే నగరం పోయినట్టు. తూర్పు రోమన్ సామ్రాజ్యానికి ఈ భయం బాగా తెలుసు. 410లో గోతుల నాయకుడు అలారిక్ రోమ్ నగరాన్ని దోచుకున్నాడు. 447లో భూకంపం వచ్చి కాన్‌స్టాంటినోపుల్ ప్రాకారంలో 57 బురుజులు కూలాయి. అటు హూణుల రాజు అట్టిలా దండెత్తి వస్తున్నాడు. రథాల పందేల్లో బద్ధవైరులైన నీలి, పచ్చ జట్లవాళ్లు పంతాలు పక్కనపెట్టి పనిలోకి దిగారు. 60 రోజుల్లో గోడ లేచింది. అగడ్త, దాని వెనక బయటి గోడ, ఆపైన లోపలి గోడ. ఏటా 2,100 పౌండ్ల బంగారం కప్పంగా రాయించుకున్నాడు కానీ, అట్టిలా ఆ నగరాన్ని పట్టలేకపోయాడు.

ఓరుగల్లుకూ ఇలాంటి అవసరమే వచ్చింది. కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోట ఎత్తును కూతురు రుద్రమదేవి పెంచింది. 45 బురుజులు. లోపలివైపు నిలబడి చూస్తే గోడ గోడలా ఉండదు, చెరువుగట్టుకు కట్టిన మెట్లలా ఉంటుంది. ఎక్కడ కేక వినబడితే అక్కడే సైనికుడు పైకి పరుగెత్తవచ్చు, నిచ్చెన కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆ రాతికోటకు బయట మట్టికోట, దాని చుట్టూ 150 అడుగుల వెడల్పున అగడ్త.

రాయి ఉండగా మట్టెందుకు? రాతిగోడకు దెబ్బ తగిలితే అతుకులు విడతాయి. దిమ్మిస కొట్టిన మట్టికట్ట ఆ దెబ్బను తనలోకి తీసుకుంటుంది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ రాళ్లు విసిరే మంజనీకులతో వచ్చినప్పుడు ఆ కట్ట గట్టిదనానికి ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో కూడా ఆశ్చర్యపోయాడు. అగడ్తను పూడ్చి, మట్టికోటను దాటడానికి ఢిల్లీ సేనకు వారాలు పట్టింది. రాతికోట మాత్రం అలాగే నిలిచింది. దాని చాటు నుంచే అప్పటి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధి మాటలు నడిపి, కప్పం ఇచ్చి, రాజ్యం నిలుపుకున్నాడు.

1321లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చి నెలల తరబడి ముట్టడించాడు. కోట లొంగలేదు, అతను వెనుదిరిగాడు. ఇక పీడ విరగడైందనుకుని ప్రతాపరుద్రుడు విందులు చేసి, గాదెలు తెరిచి ధాన్యం పంచాడని చరిత్రకారులు రాశారు. కొత్త బలగంతో ఉలుగ్ ఖాన్ మళ్లీ వచ్చాడు. 1323లో ఓరుగల్లు పడిపోయింది.

ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా నాకు ఆ ఖాళీ గాదెలే కళ్లముందు మెదులుతాయి. రాతికోటైనా మట్టికోటైనా మనకు సంపాదించిపెట్టేది గడువు ఒక్కటే. ఆ గడువులో గాదె నింపుకోవడం కోటలోని మనుషుల పని.