విడాకులకూ సముద్రం అడ్డమే

1858 మార్చి 10న సెమిరామిస్ ఓడ రెండు వందల మంది ఖైదీలను పోర్ట్‌బ్లెయిర్‌లో దించింది. సిపాయిల తిరుగుబాటును అణిచే క్రమంలో బ్రిటిష్ సర్కారు అండమాన్‌లో తెరిచిన ఖైదీల వలసకు అది మొదలు. ద్వీపాంతరం పడ్డవాడికి ఊరు, పొలం ఎలాగూ పోయాయి. మరి ఇంట్లో మిగిలిన ఆలి మాటేమిటి? ఆడమనిషికే ద్వీపాంతరం పడితే, ఇక్కడున్న భర్త ఆమెకు ఉన్నట్టా, లేనట్టా?

ఖైదీలు అల్లర్లకు దిగకుండా కుదురుగా ఉండాలంటే కాపురాలు కావాలని సర్కారు అనుకుంది. పదేళ్లు సత్ప్రవర్తనతో గడిపిన మగ ఖైదీకి సొంతంగా సాగు చేసుకుని బతికే టికెట్ ఇచ్చేవారు. ఆడ ఖైదీలకు అయిదేళ్లు గడిస్తే పెళ్లి చేసుకునే అవకాశం ఉండేది. అధికారుల ఎదుట స్త్రీలను వరసగా నిలబెట్టి, టికెట్ ఉన్న మగవాళ్లను పిలిచి జతలు కుదిర్చేవారు. ‘షాదీ పరేడ్’ అన్న పేరు అలా వచ్చింది. కులం, భాష, ప్రాంతం వేరైన జంటలకు పుట్టిన పిల్లల నుంచే ‘లోకల్ బార్న్’ అనే సమాజం ఏర్పడింది. వాళ్ల ఇళ్లలో హిందుస్తానీయే మాతృభాష అయింది.

ఇంత జరిగినా మొదటి పెళ్లి చిక్కు విడలేదు. ఆనాటి హిందూ ధర్మశాస్త్రంలో కోర్టు విడాకులన్న మాటే లేదు. క్రైస్తవులకు 1869లో ప్రత్యేక చట్టం వచ్చింది. ముస్లింలకు తలాక్ ఉంది. హిందూ స్త్రీకి కులాచారం ఒప్పుకుంటే తప్ప వేరే దారి లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 494వ సెక్షన్ ద్వివివాహాన్ని నేరం చేస్తూనే ఒక మినహాయింపు ఇచ్చింది: భర్త గానీ, భార్య గానీ ఏడేళ్లపాటు కనబడకుండా పోయి, బతికున్నట్టు కబురే లేకపోతే మళ్లీ పెళ్లి చేసుకోవడం నేరం కాదు. కానీ సర్కారు రిజిస్టరులో పేరు, నంబరు ఉన్న ఖైదీని ఆచూకీ లేని మనిషని ఎలా అంటారు? అంత దూరాన ఉన్నా, బతికే ఉన్నట్టు కాగితం సాక్ష్యం చెప్పేది.

అదే దీవుల్లో అంతకుముందు నుంచీ ఉన్న ఆదివాసులకు ఈ తలనొప్పి లేదు. అండమానీయుల్లో విడాకులు అరుదనీ, బిడ్డ పుట్టాక అసలే ఉండవనీ ఆనాటి బ్రిటిష్ అధికారులు రాసిపెట్టారు.

ఇటు తెలుగు తీరంలో విడిపోవడం కొత్త సంగతేమీ కాదు. చాలా కులాల్లో గొడవను పెద్దల్లో పెట్టేవారు. ఇచ్చిపుచ్చుకున్న సొమ్ము లెక్క తేల్చి తెగతెంపులు చేసేవారు. విడిపోయిన స్త్రీ మారుమనువుకు అడ్డుండేది కాదు. 1949లో మద్రాసు రాష్ట్రం ద్వివివాహ నిరోధం, విడాకుల చట్టం తెచ్చి హిందువులకు కోర్టు తలుపు తెరిచింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే. అండమాన్‌తో సహా దేశంలో దాదాపు అన్ని ప్రాంతాలకూ ఈ హక్కు 1955 మే 18న అమల్లోకి వచ్చిన హిందూ వివాహ చట్టంతో దక్కింది. ఆ చట్టంలోని 29వ సెక్షన్ కులాచారపు విడాకులనూ నిలబెట్టింది. అయితే ఆచారం ఉందని చెప్పే పక్షమే దాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలి. పెద్దమనుషులు స్టాంపు కాగితం మీద రాసిచ్చిన విడాకులు చాలాసార్లు వీగిపోయేది ఇక్కడే.

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు, కూలికి వెళ్లి స్థిరపడ్డవారితో దీవుల్లో తెలుగు జనం పెరిగారు. 2011 జనాభా లెక్కల్లో అక్కడి 3.8 లక్షల మందిలో 13 శాతం పైచిలుకు తెలుగు మాతృభాషగా రాయించుకున్నారు. మొగుడు పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో, పెళ్లాం శ్రీకాకుళంలో పుట్టింట్లో ఉన్నారనుకుందాం. కేసు ఎక్కడ వేయాలి?

కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది 1984లో. పది లక్షల జనాభా దాటిన నగరాల్లో ఆ కోర్టు తప్పక పెట్టాలని అది చెబుతుంది. పోర్ట్‌బ్లెయిర్‌కు, అంటే 2024 నుంచి శ్రీవిజయపురానికి, 2011లో ఉన్న జనాభా లక్షకు కాస్త ఎక్కువ. కుటుంబ కోర్టు లేని చోట ఆ పని జిల్లా కోర్టుది. పైన కలకత్తా హైకోర్టు. 1953 నాటి చట్టంతో దాని పరిధి దీవులకు పాకింది. పోర్ట్‌బ్లెయిర్‌లో సర్క్యూట్ బెంచి కూర్చుంటుంది.

హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట, ఎదుటి పక్షం ఉంటున్న చోట, చివరిసారి కలిసి కాపురం చేసిన చోట కేసు వేయవచ్చు. 2003 సవరణ దీనికి ఇంకొకటి చేర్చింది: భార్య కేసు వేస్తే తానుంటున్న చోటే వేసుకోవచ్చు. భర్తే ముందుగా దీవిలో వేస్తే ఆమెకు చిక్కు. శ్రీకాకుళం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కింద, పోర్ట్‌బ్లెయిర్ కలకత్తా హైకోర్టు కింద ఉన్నాయి కాబట్టి, కేసు బదిలీ కావాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద ఢిల్లీలో సుప్రీంకోర్టు గడప ఎక్కాల్సిందే.

ఈ బదిలీల గొడవ 2017లో మలుపు తిరిగింది. భర్త జబల్‌పూర్‌లో వేసిన కేసును హైదరాబాద్‌కు మార్చమని ఒక భార్య కోరితే, వీడియోలో హాజరైతే చాలదా అని మార్చిలో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి సూచించింది. అక్టోబరులో ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని 2-1తో సవరించింది. ముందు రాజీ ప్రయత్నం జరగాలనీ, అది విఫలమయ్యాక ఇద్దరూ కోరితేనే వీడియో అనీ చెప్పింది. ఆ ముగ్గురిలో జస్టిస్ చంద్రచూడ్ దీనితో విభేదించారు.

ఇద్దరూ ఒప్పుకుంటే దారి కాస్త సులువు. హిందూ వివాహ చట్టంలోకి 1976లో వచ్చిన 13బి సెక్షన్ కింద, ఏడాదిగా విడిగా ఉంటున్నామని ఉమ్మడిగా అర్జీ పెట్టాలి. ఆరు నెలలకు మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. తగిన కేసుల్లో ఈ గడువును కోర్టు మాఫీ చేయవచ్చని 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

సముద్రం అవతల నుంచి సమన్లు వస్తే, వెళ్లలేమని ఊరుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. హాజరు కాకపోతే మీ మాట వినకుండానే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, పడవచ్చు. దాన్ని రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులే. కేసు నడుస్తుండగానే ఖర్చులకు, మనోవర్తికి హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద అడగవచ్చు. లాయరుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.