పరాయి నోట తెలుగు నేల పేరు – త్రిలింగ వ్యుత్పత్తి పునఃపరిశీలన

దేశనామ చర్చలో ఆ దేశీయులు తమను ఏమని చెప్పుకొన్నారన్న ప్రశ్నకే ప్రాధాన్యం దక్కుతుంది. పొరుగువారు పెట్టిన పేర్లూ చారిత్రక సాక్ష్యాలే. లాటిన్ సంతతి భాషలనే తీసుకొంటే, జర్మనీ ఫ్రెంచివారికి ‘అల్మాన్య్’, స్పెయిన్‌వారికి ‘అలెమానియా’. ఈ రెండింటికీ మూలం జర్మన్ తెగలలో ఒకటైన అలమాన్నుల పేరు. ఇటాలియన్‌లో దేశం ‘జెర్మానియా’, దేశస్థుడు మాత్రం ‘తెదెస్కో’. దేశానికీ జనానికీ ఒకే ధాతువు ఉండితీరాలన్న నియమం లేదన్నమాట.

తెలుగువారి విషయంలోనూ ఇంతే. తమిళులకు వీరు వడుగులు, అనగా ఉత్తరాదివారు. 1544 నాటి ఫ్రాన్సిస్ జేవియర్ లేఖలలో విజయనగర పక్షపు సేనలు ‘బడగ’లుగా కనిపిస్తాయి. అన్యమతస్థుడనే అర్థం గల పోర్చుగీసు ‘జెంతియో’ ఆంగ్లేయుల నోట ‘జెంటూ’ అయి, మద్రాసులో ఏకంగా తెలుగు భాషకే పేరుగా స్థిరపడింది. 1816లో కాంప్‌బెల్ తన తెలుగు వ్యాకరణ శీర్షికలోనే ఆ పేరును ప్రస్తావించవలసి వచ్చింది. ‘తెనుగు’లో దక్షిణార్థకమైన ‘తెన్’ ఉన్నదనే వాదాన్ని అంగీకరిస్తే, ఒకే జనం ఒక పేరున దక్షిణాదివారు, మరొక పేరున ఉత్తరాదివారు!

ఇక త్రిలింగం. ప్రతాపరుద్రుని ఆస్థానకవి విద్యానాథుడు కాళేశ్వర, శ్రీశైల, దాక్షారామాలను ఈ దేశానికి ఎల్లలుగా నిలిపాడు. దాదాపు అదే కాలంలో, 1309–10 నాటి ఓరుగల్లు దండయాత్రను వర్ణిస్తూ అమీర్ ఖుస్రో ఈ నేలను ‘తిలంగ్’ అన్నాడు. వాడుకలో ఉన్న దేశ్యపదానికి సంస్కృత రూపం కల్పించి, దానికి మూడు క్షేత్రాలను అన్వయించారనుకోవడమే సమంజసం. విద్యానాథుని మాటను వ్యుత్పత్తిగా కాక, కాకతీయుల రాజ్యభావనగా చదవాలి.

పటం దీనినే బలపరుస్తుంది. ఆ మూడు క్షేత్రాలను కలిపే త్రికోణానికి పడమట, పూర్తిగా వెలుపల ఉన్నది వికారాబాదు జిల్లాలోని ధారూరు. త్రిలింగమే దేశానికి ఎల్ల అయితే ధారూరు తెలుగు నేల కాకూడదు. దానికీ పడమటనున్న తాండూరు తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండి, రాష్ట్ర పునర్విభజన చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. 2014 జూన్ 2 నుండి తాండూరు తెలంగాణలో ఉంది.