రెండు డిస్కులు పెట్టినా స్పీడ్ ఎందుకు పెరగలేదు? రెయిడ్ వెనక కథ

ఇంట్లో లైనక్స్ సిస్టమ్‌కి రెండో హార్డ్‌డిస్క్ కొని, రెండింటినీ రెయిడ్ 1లో కలిపారనుకోండి. పెద్ద సినిమా ఫైల్ చదివిస్తే స్పీడ్ ఒక్క డిస్కుదే వస్తుంది. మరి డబ్బులు పోసి కొన్న రెండోది ఏం చేస్తున్నట్టు? జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1980లలో ప్రాసెసర్లు ఏటేటా దూసుకుపోతున్నాయి. డిస్కు మాత్రం తిరిగే పళ్లెం, కదిలే హెడ్. మెకానికల్ వస్తువు అంత తొందరగా వేగం పెంచుకోలేదు కదా. అప్పుడు అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో ఒక పేపర్ ఇచ్చారు. ఐబీఎం 3380 లాంటి ఖరీదైన పెద్ద డిస్కు బదులు, పీసీల్లో వాడే చవక డిస్కులు చాలా కలిపితే పోలా? అన్నీ పని పంచుకుంటాయి. ఇదీ వాళ్ల వాదన.

కానీ ఒక చిక్కుంది. ఒక్కో డిస్కు సగటున 30,000 గంటలు బతుకుతుందని లెక్కేస్తే, 100 డిస్కులు కలిపినప్పుడు సగటున 300 గంటలకే ఏదో ఒకటి పోతుంది. అంటే రెండు వారాలు కూడా కాదు! అందుకే అదనపు కాపీయో, పారిటీయో పెట్టుకోవాలన్నారు. ఆ పేపర్లో 1 నుంచి 5 దాకా లెవెల్స్ ఉన్నాయి. ఏ రక్షణా లేకుండా ముక్కలు పంచే రెయిడ్ 0 అందులో లేదు, ఆ పేరు తర్వాత వచ్చింది.

ఇప్పుడు మన ప్రశ్నకి వద్దాం. రెయిడ్ 1లో రెండు డిస్కుల్లోనూ అదే డేటా, అదే వరసలో ఉంటుంది. "ఒక ముక్క ఇందులోంచి, తర్వాతి ముక్క అందులోంచి చదవొచ్చుగా?" అంటారేమో. చదవొచ్చు. కానీ వదిలేసిన ముక్క కూడా హెడ్ కిందుగా తిరిగి వెళ్లాల్సిందే, టైమ్ ఏమీ మిగలదు. అందుకే లైనక్స్ వరసగా చదివే ఒక ఫైల్‌ని మామూలుగా ఒక్క డిస్కుకే అప్పగిస్తుంది. ఇద్దరు రెండు వేరే ఫైల్స్ చదివితే మాత్రం చెరో డిస్కు దొరుకుతుంది. లాభం అక్కడ కనిపిస్తుంది.

ఒక్క ఫైలే ఫాస్ట్‌గా రావాలా? లైనక్స్‌లో రెండు డిస్కులతోనే రెయిడ్ 10, 'ఫార్' లేఅవుట్ పెట్టుకోవచ్చు. రాయడం కొంచెం నెమ్మదిస్తుంది, చదవడం మాత్రం రెండిటి మీదా సాగుతుంది.

టెస్ట్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. అదే ఫైల్ రెండోసారి చదివితే ర్యామ్‌లోంచి వచ్చేస్తుంది, ఆ నంబర్ డిస్కుది కాదు.

ఇంకో మాట. ఫొటోల ఫోల్డర్ పొరపాటున డిలీట్ చేస్తే రెయిడ్ 1 రెండు డిస్కుల్లోనూ డిలీట్ చేసేస్తుంది. బ్యాకప్ విడిగా ఉండాల్సిందే.