చెరువు గట్టు మీద ఒక సున్నా: పక్షులు లెక్కపెట్టే ఆదివారాల చరిత్ర

ఈరోజు ఎపిసోడ్ ఒక సున్నాతో మొదలుపెడతాను.

మూడేళ్ల కిందట, జనవరి నెల, ఆదివారం పొద్దున ఆరున్నర. హైదరాబాద్ శివార్లలో ఒక చెరువు కట్ట మీద పదిహేను మందిమి నిలబడ్డాం. నిజం చెప్పాలంటే నేను వెళ్లింది ఒక రీల్ కోసం. మంచు, నీళ్లు, ఎగిరే పక్షులు, వెనకాల ఒక మ్యూజిక్. అంతే ప్లాన్. గ్రూపులో ఒక పెద్దాయన, రిటైర్డ్ లెక్చరర్, నా చేతికి ప్యాడ్, పెన్ను ఇచ్చి "బాబూ, మేం చెప్తాం, నువ్వు రాయి" అన్నారు. గంటన్నర రాశాను. చివర్లో ఒక బాతు పేరు చెప్పి "దీనికి సున్నా వెయ్యి" అన్నారు.

"కనపడని పక్షిని రాయడం ఎందుకు సార్, ఖాళీగా వదిలేద్దాం" అన్నాను.

"ఖాళీగా వదిలితే ఎవరూ చూడలేదని అర్థం. సున్నా వేస్తే, వచ్చాం, వెతికాం, లేదు అని అర్థం. పోయినేడు నలభై ఉన్నాయి నాయనా" అన్నారు.

నేను నాలుగేళ్లు డేటాబేస్‌ల మీద పనిచేసినవాణ్ణి. నల్ వేరు, జీరో వేరు అని ఇంటర్వ్యూల్లో నేనే జూనియర్లని అడిగేవాణ్ణి. ఆ తేడా చెరువు గట్టు మీద ఇంకొకరు నాకు చెప్పాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక రీల్ ఎడిట్ చెయ్యలేదు. అసలు ఈ లెక్కపెట్టడం ఎక్కడ మొదలైందా అని వెతకడం మొదలుపెట్టాను. ఆ కథే ఈరోజు.

మనవాళ్లకి చెరువు దగ్గర చేరడం కొత్తేం కాదు. బతుకమ్మ పేర్చి, ఆడి, చివరికి తీసుకెళ్లేది చెరువుకే. కట్ట మీద మైసమ్మ ఉంటుంది. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల్లో ఇప్పటికీ నీళ్లున్నాయి. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత నీళ్లు వదలాలో చూసుకోడానికి ఊళ్లో నీరటికాడు అని ఒక మనిషే ఉండేవాడు. అంటే చెరువుని రోజూ చూసే కళ్లు ఊళ్లోనే ఉండేవి. బోర్లు వచ్చాయి, పొలాలు ప్లాట్లయ్యాయి, ఆ కళ్లు తగ్గిపోయాయి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు 1900కి వెళ్దాం. అమెరికా. అక్కడ క్రిస్మస్ రోజు ఒక ఆట ఉండేది. జట్లుగా విడిపోయి, తుపాకులు పట్టుకుని బయల్దేరేవాళ్లు. సాయంత్రానికి ఎవరి కుప్పలో ఎక్కువ పక్షులు, జంతువులు పడితే వాళ్లు గెలిచినట్టు. న్యూయార్క్ మ్యూజియంలో పనిచేసే ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త, చంపొద్దు, లెక్కపెడదాం అన్నాడు. పోటీ అలాగే ఉంది, సరదా అలాగే ఉంది, తుపాకీ మాత్రం పోయింది. ఆ డిసెంబర్ 25న 25 చోట్ల కలిపి 27 మంది లెక్కపెట్టారు. 27 మందే! మా ఆఫీసు క్రికెట్ టోర్నమెంట్‌కి అంతకన్నా ఎక్కువమంది వచ్చేవాళ్లు. ఆ లెక్క ఇప్పటికీ ఆగలేదు.

నీటి పక్షులకి ప్రత్యేకంగా అంతర్జాతీయ లెక్క 1967లో మొదలైంది. పద్ధతి చాలా సింపుల్: అదే చోటు, అదే కాలం, ప్రతి ఏడూ. జనవరి ఎందుకంటే, ఉత్తరం నుంచి చలికి దిగొచ్చిన బాతులు అప్పటికి ఒకచోట స్థిరపడి ఉంటాయి. తర్వాత 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లో, కాస్పియన్ సముద్రం ఒడ్డున రామ్‌సర్ అనే ఊళ్లో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది. వార్తల్లో రామ్‌సర్ సైట్ అని వింటాం కదా, అది మనిషి పేరు కాదు, ఊరి పేరు. ఆ ఒప్పందంలో ఒక చోటు ఎంత ముఖ్యమైనదో తేల్చే కొలమానాల్లో ఒకటి, అక్కడ క్రమం తప్పకుండా 20,000 నీటి పక్షులు ఉండటం. మరి ఆ 20,000 ఉన్నాయని ఎవరు చెప్పాలి? ఎవరో ఒకరు పొద్దున్నే లేచి లెక్కపెడితేనే కదా.

మన దగ్గరికి వద్దాం. 1931, 32ల్లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. అది ఒక శాస్త్రవేత్త పని. మామూలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, స్టూడెంట్లు, రిటైరైనవాళ్లు కలిసి సెలవురోజు చెరువుకి వెళ్లే అలవాటు ఇక్కడ గట్టిగా మొదలైంది 1980లో. ఆ ఏడు హైదరాబాద్‌లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పుట్టింది. ఇప్పుడు దాని పేరు డెక్కన్ బర్డర్స్. 1987లో భారత ఉపఖండంలో ఆసియా నీటి పక్షుల గణన మొదలైంది. నా చేతిలో ప్యాడ్ పెట్టిన ఆ జనవరి ఆదివారం, ఆ వరసలో వచ్చిందే.

సరే, లెక్కపెడితే ఏమొస్తుంది? కొల్లేరు కథ చెప్తాను.

1946లో కె.కె.నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో పెలికాన్లు గూళ్లు పెట్టే ఒక పెద్ద కాలనీని గుర్తించాడు. మలయాళంలో ఇందుచూడన్ పేరుతో పక్షుల మీద పుస్తకాలు రాసింది ఈయనే. పెలికాన్లంటే మనవాళ్లు గూడబాతులు అంటారు కదా, అవి. అప్పుడు అక్కడ దాదాపు 3,000 గూడబాతులున్నాయి. ఆయన అది చూసి ఊరుకోలేదు, రాసిపెట్టాడు. 1975 ప్రాంతానికి ఆ కాలనీ లేదు. ఒక్కసారి ఆలోచించండి, ఆయన రాయకపోయి ఉంటే? 1975లో పుట్టిన పిల్లాడికి కొల్లేరంటే గూడబాతులు గూళ్లు పెట్టని చోటు, అంతే. పోయిందన్న సంగతే తెలిసేది కాదు. ఖాళీ గడిలా ఉండిపోయేది. ఆ 3,000 రాసి ఉంది కాబట్టే తర్వాతి సున్నాకి ఒక అర్థం వచ్చింది. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాక వెళ్తే, వాటికోసం కట్టిన స్టాండ్ల మీద గూడబాతులు మళ్లీ గూళ్లు పెడుతూ కనిపిస్తాయి.

కానీ కథలో ఇంకో ముక్క ఉంది. అది చెప్పకపోతే మోసం చేసినట్టే. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అయిదో కాంటూరు లోపలున్న చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సుకి ఊపిరి కావాలి, నిజమే. కానీ ఆ చెరువుల మీద బతికే చిన్న కుటుంబాలకి రాత్రికి రాత్రి పని పోయింది. బైనాక్యులర్స్ పట్టుకుని ఆదివారం వచ్చి వెళ్లే నాలాంటివాడికి కొల్లేరు అందం. అక్కడే పుట్టినవాళ్లకి అది అన్నం. పక్షిని లెక్కపెట్టి మనిషిని లెక్కపెట్టకపోతే, ఆ షీట్‌లో కూడా ఒక గడి ఖాళీగా వదిలేసినట్టే.

దీనికి ఇంకో వైపు శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం. టెక్కలి దగ్గర. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్లు పెడతాయి. రెట్టల వాసన ఉంటుంది, గోల ఉంటుంది. అయినా ఊరివాళ్లు వాటిని తరమరు. అవి వస్తే ఊరికి మంచిదని నమ్మకం. వాటిని సైబీరియా పక్షులు అంటారు. ఒక చిన్న కరెక్షన్: ఈ రెండూ సైబీరియావి కావు. మన ఉపఖండంలోనే నీళ్లని బట్టి అటూ ఇటూ తిరిగే పక్షులు. నాకైతే ఇదే ఇంకా గొప్పగా అనిపిస్తుంది. దూరదేశపు చుట్టాలు కాదు, మనింటివే. వాటికి ఇక్కడ చోటు లేకుండా పోతే తిరిగి వెళ్లడానికి వేరే సైబీరియా ఏదీ లేదు.

ఇక నా చెరువు దగ్గరికి. రెండో జనవరికి వెళ్లేసరికి పడమటి మూల మట్టి పోసి ఉంది. టిప్పర్లు తిరుగుతున్నాయి. కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్తే, "అక్కడ నీళ్లెప్పుడున్నాయండీ?" అన్నారు. 2024లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అనే మాట అందరికీ తెలిసింది. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత అది. చిక్కేంటంటే, మే నెలలో చూస్తే ఆ గీత లోపల సగం ఎండిన నేలే. చూసినవాడికి ఖాళీ ప్లాట్‌లా కనిపిస్తుంది.

అప్పుడా పెద్దాయన ఇంట్లోంచి ఒక ఫైలు తెచ్చారు. పదకొండేళ్ల షీట్లు. ప్రతి జనవరి, పడమటి మూలలో ఎన్ని బాతులు, ఎన్ని కొంగలు, ఎవరు చూశారు, ఏ టైముకి. బాతులు ప్లాట్లలో ఈదవు కదండీ. ఆ ఫైలు చూశాక ఒక సర్వేయర్ వచ్చారు, కొలిచారు. టిప్పర్లు ఆగాయి. పోసిన మట్టి మాత్రం ఇంకా అక్కడే ఉంది. గెలిచాం అని చెప్పను.

పాత నీరటికాడి కళ్లు ఇప్పుడు లేవు. ఈ ఆదివారం గుంపులు వాటికి సాటి రావు, ఎందుకంటే మనం చూసేది నెలకో రోజు, ఆయన చూసింది రోజూ. కానీ ఎవరూ చూడకపోవడం కన్నా ఇది మేలు. ఫోన్‌లో ఈబర్డ్ యాప్ వేసుకుని, దగ్గర్లోని చెరువుకి వెళ్లి, పావుగంట నిలబడి చూసింది రాయండి. పేర్లు రాకపోతే వచ్చినవాళ్ల పక్కన నిలబడండి, నేనూ అలాగే నేర్చుకున్నాను. కట్ట మీద గొర్రెలు కాసేవాళ్లు, వల వేసేవాళ్లు ఉంటే వాళ్లనీ అడగండి, మనకన్నా ఎక్కువ తెలుసు.

పోయిన జనవరిలో ప్యాడ్ నా చేతికే వచ్చింది. పెద్దాయనకి మోకాళ్ల నొప్పి, కారు దగ్గరే కూర్చున్నారు. ఆ బాతు గడి దగ్గరికి వచ్చేసరికి అందరం ఇంకో పది నిమిషాలు ఆగి వెతికాం. కనపడలేదు. సున్నా వేశాను. ఖాళీగా మాత్రం వదల్లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.