అంగన్‌వాడీ కార్యకర్తలకు పూర్వ ప్రాథమిక విద్యలో శిక్షణ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములు 2022 ఏప్రిల్ 4న అనంతపురం నుండి విడివడి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ఇచ్చటి అనేకమంది చిన్నారులకు తొలి గురువు అంగన్‌వాడీ కార్యకర్తయే. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పోషకాహారముతోపాటు పూర్వ ప్రాథమిక విద్యయు అంతర్భాగము. ఈ విద్యా బాధ్యతకు తగిన శిక్షణ నిచ్చుటకై కేంద్ర ప్రభుత్వము 2023 మే 10న ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమమును ప్రారంభించినది. మూడేళ్లలోపు శిశువులకు ‘నవచేతన’, మూడు నుండి ఆరేళ్ల వారికి ‘ఆధారశిల’ ఇందుకు మార్గదర్శకములు. ఆటపాటలు, కథల ద్వారా నేర్పుట వీటి పద్ధతి.

జాతీయ విద్యా విధానం-2020 ఇంటి భాషలో బోధనకు ప్రాధాన్యమిచ్చినది. కర్ణాటక సరిహద్దున గల హిందూపురంలో కన్నడం మాట్లాడు కుటుంబములు కూడ కలవు. కావున శిక్షణ ఫలితమును హాజరు పట్టికతో గాక, బిడ్డకు అర్థమగు భాషలో కార్యకర్త కథ చెప్పగలుగుటనుబట్టి అంచనా వేయుట సముచితము.