బాట, చీటి, యంత్రము

హైదరాబాదు నుండి బెజవాడకు వచ్చు రహదారి గరికపాడు దగ్గర పాలేటిని దాటి జగ్గయ్యపేట పొలిమేరను ప్రవేశించును. చిల్లకల్లు, నందిగామల మీదుగా సాగి, కీసర యొద్ద మునేటిని దాటి, కంచికచర్ల, పరిటాలల ప్రక్కగా కృష్ణాతీరమునకు చేరును. గోలకొండకును మచిలీబందరునకును నడుమ వజ్రములను వస్త్రములను మోసిన పూర్వపు బాటలు ఈ సీమ గుండా నడచినవే. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు బేతవోలు చెంత తన తండ్రి పేర జగ్గయ్యపేటను వెలయించిన కథ పెద్దలందరు ఎరిగినదే. రాజులు, జమీందారులు, వర్తకులు చరిత్రకెక్కిరి. చేతిలో మూట, రొండిలో చీటి పెట్టుకొని ఆ బాటపై నడచిన సామాన్యుని కథ మాత్రము అంతగా వ్రాయబడలేదు.

ఆ సామాన్యునికి బాటపై ఎదురైన ప్రశ్నలు అన్ని కాలములందును మూడే: ఎవరవు? ఎచటికి? చీటి ఏది? అడుగువాడు మాత్రము మారుచు వచ్చెను. మొదట నాకా జవాను అడిగెను. తరువాత కచేరీ అడిగెను. నేడు యంత్రము అడుగుచున్నది. ఈ మార్పులో సామాన్యునికి కలిగిన లాభమెంత, నష్టమెంత అని విచారించుట ఈ వ్యాసమునకు విషయము.

బ్రిటిషు పాలనాకాలమున ఈ సీమ హద్దులు మిగుల చిత్రముగా నుండెను. నందిగామ తాలూకాలోని మునగాల పరగణా కృష్ణాజిల్లాకు చెందినదైనను, దాని నలుదెసల నైజాము రాజ్యమే చుట్టియుండెను. తాలూకా కచేరీలో పని కలిగిన మునగాల రైతు కోదాడ మీదుగా, అనగా పరరాజ్యము గుండా, నందిగామకు రావలసియుండెను. ఇటు కృష్ణాజిల్లా నడుమనున్న పరిటాల మొదలగు కొన్ని గ్రామములు నైజాము ఏలుబడిలో నుండెను. మునగాలలో బయలుదేరి ఈ బాట వెంట బెజవాడ చేరువానికి, నూరు మైళ్లు లేని ప్రయాణములో, ప్రభుత్వము నాలుగు మారులు మారుచుండెను.

ప్రభుత్వముతో పాటు నాణెమును మారుచుండెను. నైజాములో చెల్లునది హాలీ సిక్కా, ఇవతల చెల్లునది కల్దారు. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. లెక్క తెలియని కూలివాడు మారకములో మోసపోవుట సులభము. తపాలాబిళ్ల వేరు, కోర్టు భాష వేరు. హద్దు దాటు సరకులపై నైజాము ప్రభుత్వము సుంకము వసూలు చేయుచుండెను. ఆ శాఖను కరోడ్‌గిరి అనిరి. నాకా యొద్ద బండి నిలిపి మూటలు విప్పి చూపుట బాటసారులకు నిత్యకృత్యము. కాలహరణము, దర్పము, చేయి తడుపుట అను మూడును ఆ ఏర్పాటులో లేవని ఎవ్వరును అనజాలరు. అయినను ఎదుట నిలిచినవాడు మనుష్యుడు. కోపించినను, లంచమడిగినను, చెప్పుకొన్న గోడును అతని చెవి వినుచుండెను.

అట్టి హద్దులను మొదట దాటినది పుస్తకమని చెప్పుట గ్రంథాలయ సంచికలో అసందర్భము కాదు. 1877లో పెనుగంచిప్రోలున జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావు గారు మునగాల సంస్థానమున దివానుగా నుండిరి. మునగాల రాజా నాయని వేంకటరంగారావు గారు మొదలగు పెద్దలతో కూడి ఆయన కృషి చేయగా 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపింపబడెను. కృష్ణాజిల్లా మనుష్యులు నైజాము రాజధానిలో తెలుగు గ్రంథాలయమును నిలిపిరి. నాణెము చెల్లని చోటను అక్షరము చెల్లినది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరెను. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించుటతో పాలేటి ఆవలివారును ఈవలివారును ఒకే రాష్ట్రము వారైరి. హద్దు తొలగినది కాని చీటి తొలగలేదు. అది నాకా నుండి కచేరీకి మారినది.

ఆనాటికే గ్రామములకు కొత్త సాధనములు వచ్చుచుండెను. తంతి వచ్చినదనగానే, చదువకమునుపే ఇంట ఏడ్పులు మొదలగు కాలమది. మాటకింత అని రుసుము గనుక, పదములు కుదించి వ్రాయించుకొనుటకు చదువుకొన్నవానిని వెదకవలసియుండెను. (1885 నాటి చట్టము క్రింద నడచిన ఆ తంతివార్త 2013 జులైలో శాశ్వతముగా నిలిచిపోయినది.) 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన పిదప పల్లెలలో రేడియోలు వెలసెను. రేడియో ఉంచుకొనుటకు లైసెన్సు కావలెను. తపాలా కచేరీలో ఏటేట రుసుము కట్టి పుస్తకముపై ముద్ర వేయించుకొనవలెను. రాత్రివేళ దీపము లేని సైకిలు ఎక్కిన యువకుడు పోలీసులకు జరిమానా చెల్లించుకొనెడివాడు. నేటి పిల్లలకు ఇవి వింతగా తోచును. కాని కొత్త సాధనము వచ్చిన ప్రతిసారియు దాని వెంట ఒక రుసుము, ఒక చీటి వచ్చుట నేటి వాడుక కాదని ఇవి తెలుపుచున్నవి.

సామాన్యుని జీవితమును అన్నిటికంటె ఎక్కువగా మార్చినది బస్సు. బెజవాడ నుండి వరంగల్లు వైపు పోవు రైలుమార్గము జగ్గయ్యపేట, నందిగామలను తాకక మధిర దిక్కుగా పోయెను గనుక ఈ ఊళ్లకు బస్సే దిక్కైనది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కరవై బొగ్గు బస్సులు నడచెను. 1939 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఏ బస్సు ఏ దారిని నడువవలెనో పర్మిటు నిర్ణయించుచుండెను. 1958 జనవరి 11వ తేదీన రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన పిమ్మట కృష్ణాజిల్లా బస్సు మార్గములను జాతీయము చేయు పథకము ముందుకు వచ్చెను. ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరములు తెలిపిరి. వాటిని విన్నవాడు రవాణా వ్యవహారములు చూచు ప్రభుత్వ కార్యదర్శి. పథకమును ఆమోదించినది మాత్రము ముఖ్యమంత్రి.

ఈ వివాదము సుప్రీముకోర్టు వరకు పోయెను. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసను పేర అది న్యాయశాస్త్ర గ్రంథములందు నేటికిని నిలిచియున్నది. 1958 నవంబరు 5వ తేదీన వెలువడిన తీర్పును అధిక సంఖ్యాక న్యాయమూర్తుల పక్షమున వ్రాసినవారు తెలుగువారైన కోకా సుబ్బారావు గారు. ఆ తీర్పు సారము ఇది: ఒకరు విని మరియొకరు నిర్ణయించినచో అది విచారణ కాదు, వినువాడే నిర్ణయింపవలెను. ముఖ్యమంత్రి ఆమోదము చెల్లదని కోర్టు కొట్టివేసెను. అటుపిమ్మట ముఖ్యమంత్రి స్వయముగా అభ్యంతరములు విని ఆమోదించిన పథకము 1959లో అదే న్యాయస్థానమున నిలిచినది. బస్సులు ప్రభుత్వ సంస్థకు పోనే పోయెను. అయినను వాదము వృథా కాలేదు. కృష్ణాజిల్లా బస్సుల తగవు నుండి దేశమంతటికి ఒక ధర్మసూత్రము లభించినది.

ఈ సూత్రమును చేతబట్టుకొని నేటి కాలమును చూడవలెను.

2015 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్‌లోని చౌకధరల దుకాణములకు వేలిముద్ర యంత్రములు వచ్చెను. కార్డుదారుడు వ్రేలు మోపగా, ఆ ముద్ర ఆధార్ నందలి ముద్రతో సరిపోలినచో బియ్యము లభించును. దొంగకార్డులు, పరుల పేర బియ్యము కాజేయుటలు దీనిచే తగ్గినవనుట న్యాయమే. కులము చూడక, మొగము చూడక, లంచము అడుగక పనిచేయుట యంత్రమునకుగల సుగుణము. కాని జీవితమంతయు మిరపకోతలు, పత్తితీతలు, రాళ్లపనులు చేసిన చేతులకు రేఖలు అరిగియుండును. ఎవరు ఎక్కువ కష్టపడిరో వారి వ్రేలినే యంత్రము గుర్తింపకపోవుట ఇందలి విషాదము. దుకాణదారుడు ముదుసలిని బాల్యము నుండి ఎరిగినవాడే. ఆమె గోడు వినువాడును అతడే. కాని నిర్ణయించునది యంత్రము. 2018 సెప్టెంబరు 26వ తేదీన సుప్రీముకోర్టు ఆధార్ తీర్పు నిచ్చుచు, ముద్ర సరిపోలలేదను కారణమున అర్హుడు ప్రయోజనమును కోల్పోరాదని పలికెను. ఈ సంగతి తెలిసినవాడు వేరు మార్గమున ధ్రువపరచుమని అడుగును. తెలియనివాడు సంచి మడుచుకొని ఇల్లు చేరును.

బాటపై సుంకమునకును యంత్రమే వచ్చినది. నాలుగు వరుసల రహదారి 2012 నాటికి సిద్ధమైన పిదప చిల్లకల్లు యొద్ద టోలు ద్వారము వెలసెను. 2021 ఫిబ్రవరి 15వ తేదీ అర్ధరాత్రి నుండి జాతీయ రహదారులపై ఫాస్టాగ్ తప్పనిసరియైనది. కారు అద్దముపై అంటించిన బిళ్లను పైనున్న పరికరము చదివి, బ్యాంకు ఖాతా నుండి సొమ్ము తీసికొనును. బిళ్ల లేనివాడు రెండింతలు చెల్లింపవలెనని నియమముండెను. 2025 నవంబరు 15వ తేదీ నుండి అట్టివాడు ఫోను ద్వారా యూపీఐతో చెల్లించినచో ఒకటింబావు రెట్లు చాలునని సవరించిరి. ఆ సవరణలో రొక్కమునకు రెండింతలే నిలిచినవి. టోలు ద్వారమునకు 20 కిలోమీటర్ల లోపల నివసించువారి సొంత వాహనములకు, అద్దెకు త్రిప్పనివైనచో, నెలసరి పాసు తక్కువ రుసుమునకు లభించునని 2008 నాటి నియమములు చెప్పుచున్నవి. ఈ సౌకర్యమును యంత్రము తనంతట చెప్పదు. అడుగుట తెలిసినవానికే అది లభించును.

2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము ఏర్పడుటతో గరికపాటి చెంత మరల హద్దు వెలసెను. చుట్టరికములు, వైద్యము, సంత బేరములు అటునిటు పూర్వమువలెనే సాగుచుండెను. ఆ హద్దు ఎంత గట్టిదో 2020 మార్చిలో తెలియవచ్చెను. కరోనా కారణముగా 25వ తేదీన దేశమంతట రాకపోకలు నిలిచెను. హైదరాబాదులోని వసతిగృహములను విడువవలసివచ్చిన యువతీయువకులు అచటి పోలీసులిచ్చిన పాసులతో బయలుదేరి గరికపాడు చేరిరి. అచట ఆ పాసు చెల్లలేదు. ఒక ప్రభుత్వము పొమ్మన్నది, మరియొక ప్రభుత్వము రావలదన్నది. నడిరోడ్డుపై వందలమంది గంటలకొలది నిలిచిపోయిరి. ఒకనాడు హాలీ సిక్కా చెల్లనట్లే ఆనాడు పాసు చెల్లకపోయెను. ఆపై స్పందన అను వెబ్‌సైటులో దరఖాస్తు చేసి ఈ-పాసు పొందు పద్ధతి వచ్చెను. ఫోను కలవాడు ఇంట కూర్చుండి పాసు పొందెను. లేనివాడు ఫోను కలవానిని వెదకుకొనెను.

మరుసటి సంవత్సరము ఇంతకంటె కఠినమైన పరీక్ష ఎదురాయెను. 2021 మే నెలలో, కోదాడ చెంతనున్న రామాపురము అడ్డరోడ్డు మొదలగు చోట్ల, ఆసుపత్రిలో పడక ముందుగా ఖాయమైనట్లు అనుమతి లేని రోగుల అంబులెన్సులను తెలంగాణ పోలీసులు నిలిపివేసిరి. లోపల ఊపిరికై తపించు రోగి, బయట అనుమతికై ఫోను చేయు బంధువు! మే 14వ తేదీన తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తరువును నిలుపుచేసెను. రోగి మొగము చూచిన పోలీసు నిర్ణయింపజాలడు. నిర్ణయించు కార్యాలయము రోగి మొగము చూడజాలదు. వినువాడే నిర్ణయింపవలెనను సూత్రము ఎంత విలువైనదో ఆ రోజులలో ఈ బాటయే చూపినది.

ఇంతమాత్రమున యంత్రములు వలదనుట తెలివి కాదు. తంతికి వెరచిన తాతల మనుమలు నేడు ఫోనులో అమెరికాలోని బిడ్డ మొగము చూచుచున్నారు. 2025 ఆగస్టు 15వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము మొదలైనది. గుర్తింపుకార్డు చూపిన జగ్గయ్యపేట కూలి స్త్రీ నందిగామ, విజయవాడలకు డబ్బు లేకయే పోవచ్చును. అంతర్రాష్ట్ర సర్వీసులకు ఆ పథకము వర్తింపదు గనుక, చేరువనేయున్న కోదాడకు మాత్రము టిక్కెట్టు కొనవలెను. మేలు వచ్చినప్పుడును హద్దు వెంట వచ్చునని దీనివలన తెలియును.

కావున సామాన్యునికి కావలసినవి రెండు. యంత్రము కాదన్నచోట విని నిర్ణయించు అధికారము గల మనుష్యుడు ఒకడుండవలెను; ఇది ప్రభుత్వము చేయవలసిన పని. నియమమేమో, మినహాయింపు ఏమో తెలుగులో చదివి చెప్పు చోటు ఊరిలో ఒకటి ఉండవలెను. ఇది ఊరివారు చేసికొనదగిన పని. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగిన నాటి నుండి, చదువురానివానికి చదివి వినిపించుట ఈ ఉద్యమమునకు ధర్మమైయున్నది. ఆనాడు వినిపింపవలసినది పత్రిక, ఉత్తరము, తంతి. నేడు వినిపింపవలసినది ఫోనులోని సందేశము, దరఖాస్తులోని నిబంధన. రేషను దుకాణము నుండి ఖాళీసంచితో వచ్చు ముదుసలి త్రోవలో గ్రంథాలయపు అరుగుపై కూర్చుండి, "నాయనా, ఇదేమన్నదో చూడు" అని అడిగినప్పుడు, కండ్లజోడు సవరించుకొని చదివి చెప్పువాడు అచట ఉన్నచో, ఆ సంచి మరునాడు నిండవచ్చును.