పుల్లరి నేల అడిగే పన్నుల లెక్క

కొండవీడులో క్రీ.శ. 1520 నాటి శాసనం ఒకటి ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 1515లో గజపతుల నుంచి ఆ దుర్గాన్ని గెలుచుకున్నాడు. తర్వాత అయిదేళ్లకు, తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి అక్కడ అధికారం నెరపుతున్న రోజుల్లో ఈ శాసనం వేశారు. డెబ్భై రెండు పట్టణాల వర్తకులు కూడి, కొండవీటి సంతకు వచ్చే సరుకు మీద బస్తాకు ఇంత, బరువుకు ఇంత అని రఘునాయక స్వామి ఆలయానికి సుంకం ఇచ్చేందుకు ఒప్పుకున్నారు. ఆ చిట్టా చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. జొన్నలు, సజ్జలు, ఉప్పు, మామిడికాయలు తక్కువ సుంకం వరసలో ఉన్నాయి. పెసలు, మినుములు, నువ్వులు, పత్తి ఆ పై వరస. బెల్లం, నెయ్యి, ఇనుము, ఉక్కు ఇంకా పైన. మిరియాలు, లవంగాలు, జాజికాయ, గంధం, రాగి, సీసం అన్నిటికంటే పై మెట్టు. మిరపకాయ పేరు మాత్రం లేదు. నేటి పల్నాడుకు ప్రాణమైన ఆ పంట అప్పటికి ఈ నేలకు అందలేదు.

అయిదు వందల ఏళ్ల కిందటి ఆ చిట్టాలో ఒక ఇంగితం కనిపిస్తుంది. అందరూ తినే జొన్న మీద తక్కువ, కొందరే కొనే లవంగం మీద ఎక్కువ. కొనేవాడి శక్తిని నేరుగా కొలవలేరు కనుక సరుకును బట్టి అంచనా వేశారు. నేటి జీఎస్టీ శ్లాబులు చేస్తున్నదీ ఇదే. ఆ అంచనా ఎంతవరకు నిలుస్తుందన్నదే నేటి చర్చకు మూలం.

మన దేశంలో ఆదాయపు పన్నును పూర్తిగా ఎత్తివేయాలని సుబ్రహ్మణ్యస్వామి లాంటివారు ఎన్నో ఏళ్లుగా అంటున్నారు. పుణెకు చెందిన అర్థక్రాంతి బృందం పన్నులు తీసేసి బ్యాంకు లావాదేవీల మీద చిన్న రుసుము పెట్టాలంటుంది. అమెరికాలో 1999 నుంచీ 'ఫెయిర్ టాక్స్' బిల్లు కాంగ్రెస్ ముందుకు వస్తూనే ఉంది. ఆదాయపు పన్ను బదులు దేశమంతటా ఒకే అమ్మకం పన్ను పెట్టాలన్నది దాని సారం. నరసరావుపేట, మాచర్ల, గురజాల ఇళ్లలో పిల్లలు అమెరికాలో ఉన్నవారికి ఈ మాట కొత్త కాదు. వినడానికి బాగుంటుంది: సంపాదనను ఎవరూ తవ్వి చూడరు, రిటర్నులు లేవు, నోటీసులు లేవు, ఖర్చు పెట్టినప్పుడే పన్ను. నల్లధనం ఉన్నవాడు కూడా కారు కొన్నప్పుడు కట్టక తప్పదు. ఈ వాదనలో బలం లేకపోలేదు. దేశంలో పదిమందిలో ఒక్కరు కూడా రిటర్ను వేయరు, భారమంతా ఆ కొద్దిమంది మీదే ఉందన్న ఫిర్యాదూ నిజమే. అయినా ఆ మార్పు ఈ దేశానికి తగదని నా గట్టి అభిప్రాయం. ఒక పన్ను పోయి ఇంకో పన్ను వచ్చినప్పుడల్లా బరువు ఎవరి భుజం మీద దిగిందో ఈ ప్రాంతపు చరిత్రలోనే దొరుకుతుంది.

1844లో మద్రాసు రాజధానిలో లోనాటు సుంకాలు రద్దయ్యాయి. ఊరూరా చావళ్లు పెట్టి సరుకు బళ్లను ఆపి వసూలు చేసే ఆ సుంకాలతో వర్తకులు విసిగిపోయారు. రద్దు మంచిదే. కానీ అదే చట్టం, అంటే ఆ ఏడాది ఆరో చట్టం, ప్రభుత్వం ఉప్పును ఏ ధరకు అమ్మాలో కూడా నిర్ణయించింది. సరుకు బండి మీద దిగిన బరువు ఉప్పు మీదకు ఎక్కింది. దారి సుంకం కట్టినవాడు వర్తకుడు. ఉప్పు కొన్నవాడు ప్రతివాడూ.

పదహారేళ్ల తర్వాత కథ తిరగబడింది. 1857 తిరుగుబాటు ఖర్చులు పూడ్చుకోవడానికి జేమ్స్ విల్సన్ 1860లో ఆదాయపు పన్ను తెచ్చాడు. ఏడాదికి 200 రూపాయలు దాటిన ఆదాయం మీద, భూమి ఆదాయంతో సహా, పన్ను పడింది. దాన్ని బాహాటంగా వ్యతిరేకించినవాడు మద్రాసు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెలియన్. ఖర్చు తగ్గించుకోవాలి గానీ కొత్త పన్ను వేయకూడదని రాసి, ఆ రాత పత్రికల్లోకి వెళ్లేలా చేశాడు. పై ప్రభుత్వం ఆయన్ని వెనక్కి పిలిచింది. విల్సన్ అదే ఏడాది ఆగస్టులో కలకత్తాలో చనిపోయాడు. ట్రెవెలియన్ కొద్దికాలానికే ఆర్థిక సభ్యుడిగా భారతదేశానికి తిరిగి వచ్చాడు. ఆయన హయాంలోనే, 1865లో, ఆ పన్ను ముగిసింది. 1886లో అది స్థిరమైన రూపంలో మళ్లీ వచ్చినప్పుడు వ్యవసాయ ఆదాయాన్ని వదిలేశారు. రైతు భూమిశిస్తు కడుతున్నాడు కదా అన్నది దానికి చెప్పిన కారణం.

శిస్తు ఒక్కటే కాదు, పల్నాటి రైతు అడవికి కూడా కట్టాడు. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని ప్రభుత్వ ఆస్తిగా గట్టిపరిచింది. నల్లమల అంచున వాన తక్కువ, నేల గట్టి. నాగార్జునసాగర్ కాలువల నీళ్లు రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టే రోజులు. అలాంటి చోట పశువు లేకపోతే బతుకు లేదు. ఆ పశువు అడవిలో గడ్డి మేస్తే పుల్లరి. తలకు ఇంత అని లెక్క. పశువు ఎవరిదో, యజమానికి ఏమి మిగిలిందో, ఆ ఏడు పంట పండిందో లేదో పుల్లరికి పట్టదు. నాలుగు మేకలున్న కూలికీ, మందలున్న ఆసామికీ ఒక్కో తల మీద ఒకే రేటు. ఇది అమ్మకం పన్ను కాదు, నిజమే. కానీ రెండింటికీ ఒక పోలిక ఉంది: మనిషికి ఎంత ఉందో అడగకుండా, బతకడానికి ఏమి కావాలో చూసి పన్ను వేయడం.

1921లో అప్పటి గుంటూరు జిల్లా మొత్తం పన్నుల మీద రగిలింది. చీరాల-పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం మునిసిపాలిటీ పన్నులు కట్టబోమన్నారు. ఊరు వదిలి ఊరి బయట పాకలు వేసుకుని రామనగర్ కట్టుకున్నారు. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు భూమిశిస్తు నిలిపేశారు. పల్నాడులో పుల్లరి కట్టడం ఆపేశారు. అటవీ ఉద్యోగులకు, రెవెన్యూ ఉద్యోగులకు గ్రామాల్లో సరుకులు, సేవలు అందకుండా చేశారు. అక్కడి బాధలు విచారించడానికి వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు అరెస్టయ్యారు. ఉన్నవ ఆ జైలు రోజుల్లోనే 'మాలపల్లి' రాశారు. మించాలపాడు ప్రాంతంలో కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టేది లేదని నిలబడ్డాడు. 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకులకు బలయ్యాడు. చౌరీచౌరా హింస తర్వాత గాంధీజీ సహాయ నిరాకరణ ఉద్యమం ఆపడంతో పెదనందిపాడు రైతులు కూడా శిస్తు కట్టేశారు.

ఆ మరుసటి నెల, 1922 మార్చిలో, ఢిల్లీలో కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. 1962 దాకా దేశంలో అదే నడిచింది. ఒక పక్క గడ్డి మేసిన పశువు మీద పన్ను అడిగి మనిషిని కాల్చారు. ఇంకో పక్క కొంత సంపాదన దాటినవాడి దగ్గరే, ఆదాయం పెరిగేకొద్దీ రేటు పెరిగేలా పన్ను తీసుకునే ఏర్పాటు చేశారు. రెండూ ఒకే ప్రభుత్వం పనులే. పన్ను అనేది ఒకటి కాదు, దాన్ని ఎక్కడ వేస్తారన్నదే అసలు ప్రశ్న అని ఆ రెండు నెలలు చూస్తే నాకు అనిపిస్తుంది.

ఇక అమ్మకం పన్ను పుట్టుక. అది కూడా మన ఇంట్లోనే జరిగింది. 1937లో మద్రాసు ప్రధానమంత్రి అయిన రాజాజీ మద్యనిషేధం మొదలుపెట్టారు. ఆ ఏడు అక్టోబరులో సేలం జిల్లా, 1938లో చిత్తూరు, కడప జిల్లాలు. సారా వేలం ఆదాయం పోయింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో మద్రాసు జనరల్ సేల్స్ టాక్స్ చట్టం తెచ్చారు. పెట్రోలు లాంటి ఒక్కో సరుకు మీద పన్ను అంతకుముందు వేరే రాష్ట్రంలో ఉంది గానీ, అన్ని సరుకుల మీద అమ్మకం పన్ను దేశంలో ఇదే మొదటిది. మన పల్నాడు అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉంది. రేటు స్వల్పం, వంద రూపాయల అమ్మకం మీద ఒక్క రూపాయి కూడా కాదు. వర్తకులు గొడవ చేశారు. బొడ్డు పైడన్న అండ్ సన్స్ అనే వేరుశెనగ నూనె వ్యాపార సంస్థ, సొంతంగా తయారుచేసిన నూనెను మొదటిసారి అమ్మినప్పుడు పన్ను వేస్తే అది కేంద్రానికి చెందిన ఎక్సైజు అవుతుంది కదా అని కోర్టుకు వెళ్లింది. 1942లో ఫెడరల్ కోర్టు రాష్ట్రం వేసిన పన్ను చెల్లుతుందని తీర్పు చెప్పింది. తర్వాత రాష్ట్రాలన్నీ ఆ దారిలోనే నడిచాయి.

రాజాజీ ఉద్దేశం మంచిది. తాగుబోతు కుటుంబం నుంచి వచ్చే సొమ్ము వద్దు, కొనే అందరి నుంచి కొంచెం కొంచెం తీసుకుందామన్నారు. జరిగిందేమిటి? మద్యనిషేధం వచ్చింది, పోయింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు లేపిన ఉద్యమంతో 1995లో మళ్లీ వచ్చింది, 1997లో మళ్లీ సడలింది. మద్యం ఆదాయం ఖజానాకు తిరిగి చేరింది. అమ్మకం పన్ను మాత్రం ఎక్కడికీ పోలేదు. 1957లో ఆంధ్రప్రదేశ్ జనరల్ సేల్స్ టాక్స్ చట్టమైంది, 2005లో వ్యాట్ అయింది, 2017 జూలై 1న జీఎస్టీ అయింది. ఒక్క రూపాయి కూడా లేని రేటు 5 అయింది, 18 అయింది, కొన్నిటి మీద 28 కూడా అయింది. మాచర్ల చుట్టూ సున్నపురాయిని నమ్ముకుని నడిచే సిమెంటు ఎనిమిదేళ్లపాటు 28 శాతంలో ఉండి, 2025 సెప్టెంబరు 22న 18కి దిగింది. ఒకదాని బదులుగా తెచ్చిన పన్ను, ఆ ఒకటి తిరిగొచ్చాక కూడా నిలబడింది. రేపు ఆదాయపు పన్ను రద్దు చేసి అమ్మకం పన్ను పెంచితే, ఏదో ఒక యుద్ధం, కరువు పేరుతో ఆదాయపు పన్ను మళ్లీ రాదని హామీ ఎవరిస్తారు? అప్పుడు రెండూ ఉంటాయి.

లెక్క చూద్దాం. 2025-26 కేంద్ర బడ్జెటు అంచనాలో వ్యక్తుల ఆదాయపు పన్ను 14.38 లక్షల కోట్లు, కంపెనీల పన్ను 10.82 లక్షల కోట్లు. 2024-25లో కేంద్రం, రాష్ట్రాలు కలిపి వసూలైన మొత్తం జీఎస్టీ 22.08 లక్షల కోట్లు. కంపెనీల పన్నును అలాగే ఉంచి వ్యక్తుల ఆదాయపు పన్ను మాత్రమే తీసేసినా, ఆ 14.38 లక్షల కోట్లు జీఎస్టీ నుంచే రావాలంటే వసూళ్లు దాదాపు మూడింట రెండు వంతులు పెరగాలి. జనం కొనుగోళ్లు తగ్గించరనుకున్నా 18 శాతం దాదాపు 30 అవుతుంది, 5 శాతం 8 దాటుతుంది.

ఇది పల్నాటి పొలంలో ఎలా ఉంటుంది? మిరప రైతు పురుగుమందుల మీద 18 శాతం కడుతున్నాడు. ఎరువుల మీద 5 శాతం. సిమెంటు కంపెనీ తను కట్టిన జీఎస్టీని అమ్మకంలో సర్దుబాటు చేసుకుంటుంది. రైతుకు ఆ వెసులుబాటు లేదు. కట్టినదంతా పెట్టుబడిలోనే కలిసిపోతుంది. మిరప ధర గుంటూరు యార్డులో ఆ రోజు ఎలా ఉంటే అలా, ఆ ధరలో ఈ పన్ను తిరిగి రావాలని అడిగే దారి లేదు. 10 వేల రూపాయల మందు కొంటే నేడు 1,800 పన్ను. పై లెక్కన అది 3 వేలకు చేరుతుంది. ఆ రైతుకు ఆదాయపు పన్ను రద్దుతో ఒక్క పైసా లాభం లేదు. వ్యవసాయ ఆదాయం మీద అతను ఎప్పుడూ ఆ పన్ను కట్టలేదు. నరసరావుపేటలో పదిహేను వేల జీతానికి బట్టల కొట్టులో నిలబడే అమ్మాయికీ లాభం లేదు. ఆదాయపు పన్ను కొత్త విధానంలో మామూలు ఆదాయం ఏడాదికి 12 లక్షల లోపు ఉంటే ఇప్పటికే పన్ను లేదు. కాబట్టి రద్దు వల్ల ఊరట దక్కేది ఆ పై వారికి. దాని ఖర్చు భరించేది సబ్బు, చెప్పులు, పురుగుమందు కొనే వారంతా.

వందల ఎకరాల ఆదాయానికి కూడా వ్యవసాయం పేరుతో మినహాయింపు ఉండడం న్యాయం కాదని కూడా నేను అంటాను. అది రాష్ట్రాల అధికారంలోని విషయం, వేరే చర్చ.

డాలస్‌లో మన పిల్లలు సుఖంగానే ఉన్నారు కదా, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కదా అని కొందరు అంటారు. నిజమే, అక్కడ అమ్మకం పన్ను రాష్ట్రానికి 6.25 శాతం, స్థానిక సంస్థలతో కలిపి 8.25 దాకా. ఇళ్ల మీద ఆస్తి పన్ను బరువు వేరే. అయినా అక్కడి ఉద్యోగి వాషింగ్టన్‌కు ఆదాయపు పన్ను కడుతూనే ఉన్నాడు. దాన్ని కూడా తీసేయాలన్న ఫెయిర్ టాక్స్ బిల్లులో రాసుకున్న రేటు 23 శాతం. మన లెక్క ప్రకారం ధర మీద అదనంగా చూస్తే అది 30 అవుతుంది. పేదల మీద భారం పడకుండా ప్రతి కుటుంబానికీ నెలనెలా కొంత డబ్బు తిరిగి ఇస్తామని అందులోనే రాశారు. అమ్మకం పన్ను పేదవాడిని నొక్కుతుందని దాన్ని తెచ్చినవారే ఒప్పుకున్నట్టు. ఇన్నేళ్లలో ఆ బిల్లు ఏ సభలోనూ నెగ్గలేదు.

నరసరావుపేట లోక్‌సభ స్థానం నుంచి ఎవరు గెలిచినా, ఏ పార్టీ అయినా, ఈ ప్రాంతం తరఫున అడగవలసినవి రెండున్నాయి. పురుగుమందుల మీద 18 శాతాన్ని ఎరువులతో సమానంగా 5కు తేవాలి. చిన్న రైతు పెట్టుబడి మీద కట్టిన జీఎస్టీని అతని ఖాతాకు తిరిగి జమ చేసే పద్ధతి పెట్టాలి. ఈ రెండూ అయ్యేదాకా ఆదాయపు పన్ను రద్దు గురించి ఎవరు బిల్లు తెచ్చినా పల్నాడు ప్రతినిధి దానికి వ్యతిరేకంగా ఓటు వేయాలి.